ఈకలకు ఫ్లోరోసెంట్ రంగు పట్టడం లేదు, అసలైన రంగు ఎక్కడ దొరుకుతుంది?

చలినది
ప్రతి నవంబరులో న్యూజెర్సీ నుంచి అయిదు గంటలు కారు నడుపుకుంటూ న్యూయార్క్ రాష్ట్రంలోని పులాస్కీకి వెళతాను. అక్కడి సాల్మన్ నదిలో స్టీల్‌హెడ్ చేపలకు గాలం వేయడం నా పండగ. సాల్మన్ గుడ్ల కోసం ఎగబడి వచ్చే ఆ చేపలకు నారింజ, రాణి రంగు, చిలకాకుపచ్చ ఫ్లైలు, అంటే కొక్కానికి ఈకలు, వెంట్రుకలు కట్టి చేసే ఎరలు, కావాలి. మబ్బు పట్టిన ఉదయం కూడా వెలిగే ఫ్లోరోసెంట్ రంగు కావాలి నాకు. రంగు వేసిన మరాబూ అనే మెత్తటి నూగు ఈకలు దుకాణంలో దొరుకుతాయి గాని, ఒక ప్యాకెట్‌కూ మరో ప్యాకెట్‌కూ పోలిక ఉండదు. సగం ప్యాకెట్లు అసలు వెలగనే వెలగవు.

అందుకని తెల్ల ఈకలు కొని నేనే అద్దుకుందామని ఆన్‌లైన్లో ఒకచోట ఫ్లోరోసెంట్ నారింజ పొడి తెప్పించాను. వేడి నీళ్లలో వేస్తే కరగలేదు. గిన్నె అంతా పసుపు తేలినట్టు పైన తేలింది, మిగిలింది అడుగుకు దిగింది. వెనిగర్ పోశాను, గంటసేపు ఉంచాను. ఈకలు తీసి ఆరబెడితే చూడటానికి నారింజ రంగులోనే ఉన్నాయి. కానీ బల్ల మీద తడితే పొడి రాలింది. చీకట్లో అతినీలలోహిత టార్చి వేసి చూస్తే ఈక వెలగడం లేదు, ఈక మీద అంటుకున్న చుక్కలు మాత్రమే వెలుగుతున్నాయి. కడిగితే ఆ చుక్కలు కూడా పోయాయి. అమ్మినవారికి రాస్తే "మా సరుకు మంచిదే" అని ఒక్క వాక్యం.

ఈకకు నిజంగా పట్టే ఫ్లోరోసెంట్ రంగు ఎక్కడ దొరుకుతుందో తెలిసినవారు చెప్పండి. చేపల సీజను దగ్గరపడింది.

ఎర్రతోక
నాదీ ఇదే కథ. నేను గులాబీ పొడి కొన్నాను. మా ఇంట్లో సింకు ఇంకా గులాబీగానే ఉంది, ఈకలు మాత్రం తెల్లగా ఉన్నాయి.

రసాయనం_టీచరు
చలినది గారూ, అమ్మినవారు అబద్ధం చెప్పలేదు. మీరు కొన్నది పిగ్మెంటు. మీకు కావలసింది డై. తెలుగులో రెండింటినీ రంగు అనే అంటాం కాబట్టి ఈ తికమక.

పిగ్మెంటు అంటే నీళ్లలో కరగని రేణువు. డై అంటే కరిగి పీచుకు పట్టేది. ఫ్లోరోసెంట్ పిగ్మెంట్లలో వెలిగే డైని ముందుగా ఒక ప్లాస్టిక్ వంటి రెసిన్‌లో కరిగించి, గట్టిపడ్డాక పొడి చేస్తారు. అమెరికాలో స్విట్జర్ సోదరులు 1930లలో మొదలుపెట్టిన డే-గ్లో రంగులు ఈ కోవకే చెందుతాయి. గోడకు, పోస్టరుకు, ప్లాస్టిక్ బొమ్మకు అవి అద్భుతంగా ఉంటాయి, ఎందుకంటే పెయింటులోని జిగురు ఆ రేణువును పట్టి ఉంచుతుంది. ఈకలో అటువంటి జిగురు లేదు. మీరు చూసిన చుక్కలు ఆ రేణువులే.

ఈక, వెంట్రుక, ఉన్ని, పట్టు ఇవన్నీ ప్రోటీన్లు. వీటికి యాసిడ్ డైలు కావాలి. ఆమ్లం తగిలితే ప్రోటీన్‌లోని అమైనో భాగాలకు ధనావేశం వస్తుంది. డై అణువుకు రుణావేశం ఉంటుంది. రెండూ అతుక్కుంటాయి. వెనిగర్ పోసేది అందుకే. మీరు చేసిన పద్ధతి సరైనదే, పొడి ఒక్కటే తప్పు.

చలినది
ఇంత చిన్న తేడానా! నాలుగు నెలలుగా వెనిగర్‌ను, నీళ్లను, ఈకల జిడ్డును అనుమానిస్తూ వచ్చాను. మరి ఫ్లోరోసెంట్ యాసిడ్ డై ఎవరు అమ్ముతారు?

థేమ్స్_ఒడ్డు
ఇంగ్లండులో మాకు వెనియార్డ్ కంపెనీ వాళ్ల రంగు డబ్బాలు ఉన్నాయి, ఈకల కోసమే చేసినవి, వాటిలో ఫ్లోరోసెంట్ రకాలు వేరుగా వస్తాయి. జిడ్డు తీయడానికి వాళ్లదే వెన్‌పోల్ అనే ద్రవం కూడా ఉంది. నేను రట్లండ్ వాటర్ జలాశయంలో రెయిన్‌బో ట్రౌట్ చేపల కోసం ఏళ్లుగా వాటితోనే అద్దుకుంటున్నాను. అమెరికాకు తెప్పించుకుంటే తపాలా ఖర్చు డబ్బా ఖరీదును మించిపోవచ్చు, అది చూసుకోండి.

నిమ్మపండు
అమెరికాలో ఫ్లై దుకాణాల్లో వెతకడం మానేయండి. ఉన్నికి, పట్టుకు రంగులు వేసుకునేవారి దుకాణాల్లో వెతకండి. నేను కాలిఫోర్నియాలోని ధర్మా ట్రేడింగ్ నుంచి కొంటాను. వాళ్ల యాసిడ్ డైలలో కొన్ని ఫ్లోరోసెంట్ రంగులు ఉన్నాయి. పేరు ధర్మా అయినా ధర్మానికి ఇవ్వరు, కానీ చిన్న సీసా ఒకటి కొంటే మీ జీవితకాలం ఫ్లైలకు సరిపోతుంది.

ఎర్రతోక
సూపర్ మార్కెట్లో దొరికే బట్టల రంగు సరిపోదా? ఇంటి పక్కనే దొరుకుతుంది.

రసాయనం_టీచరు
అన్ని రకాల బట్టలకూ పనికొస్తుందని అమ్మే పొడిలో నూలుకు పట్టే డైరెక్ట్ డై, ఉన్నికి పట్టే యాసిడ్ డై రెండూ కలిపి ఉంటాయి. ఈక యాసిడ్ భాగాన్ని మాత్రమే తీసుకుంటుంది, మిగిలింది నీళ్లలోనే ఉండిపోతుంది. మామూలు గోధుమ, నలుపు రంగులకు అది చాలు. ఫ్లోరోసెంట్‌కు మాత్రం సీసా మీద మెరుపు రంగు పేరు ఉన్నంత మాత్రాన నమ్మవద్దు.

పాత_గాలం
అందరూ ఒకసారి ఆగండి. ఇంత శ్రమ దేనికి? మిచిగన్‌లోని పెర్ మార్కెట్ (Pere Marquette) నదిలో ఇరవై ఏళ్లుగా స్టీల్‌హెడ్ పడుతున్నాను. నా పెట్టెలో సగం స్టోన్‌ఫ్లై అనే నీటి పురుగును పోలినవి, నల్లవి, గోధుమ రంగువి. నీళ్లు తేటగా ఉన్నప్పుడు, పదిమంది గాలాలు చూసి జడిసిన చేప ముందు ఆ మండే నారింజ ముద్ద వేస్తే పక్కకు తప్పుకొని పోతుంది. నా కళ్లతో చూశాను.

చలినది
పాత_గాలం గారూ, తేట నీళ్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. వాన పడి నది టీ రంగుకు తిరిగిన మర్నాడు నాతో రండి, అప్పుడు మాట్లాడుకుందాం.

రసాయనం_టీచరు
ఇద్దరిదీ నిజమే. తేట నీళ్లలో ఎరుపు కాంతి ముందు హరించుకుపోతుంది. మామూలు ఎర్ర ఈక లోతుకు వెళితే దాని మీద పడటానికి ఎరుపు కాంతే మిగలదు కాబట్టి మసిబారి కనిపిస్తుంది. ఫ్లోరోసెంట్ నారింజ అలా కాదు. లోతుకు చేరే నీలం, ఆకుపచ్చ కాంతిని తాగి నారింజ కాంతిని తానే వెలువరిస్తుంది. మబ్బు రోజున, పొద్దు వాలాక, బురద నీటిలో ఆ తేడా ఎక్కువ. కనిపించడం వేరు, నచ్చడం వేరు. చేపకు ఏది నచ్చుతుందో రసాయన శాస్త్రం చెప్పదు.

ఇంకో మాట. ఫ్లై సరంజామా మీద "యూవీ" అని రాసి ఉంటే అది ఫ్లోరోసెంట్ అనుకోకండి. అతినీలలోహిత కాంతిని అలాగే తిప్పికొట్టేది వేరు, దాన్ని తాగి మన కంటికి కనిపించే రంగుగా మార్చేది వేరు. రెండో రకమే ఈ చర్చలో మాట్లాడుకుంటున్నది.

పాత_గాలం
సరే. బురద నీటి పెట్టెలో ఒక అర నారింజకు ఇస్తాను. అంతకు మించి ఇవ్వను.

ధర్మవరం_దారం
ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. నేను ఫ్లైలు కట్టడం మొదలుపెట్టి రెండేళ్లే, కానీ అద్దకం మా ఇంటి పని. ధర్మవరంలో మా నాన్నగారు పట్టు నూలుకు రంగులు అద్దేవారు. టీచరు గారు చెప్పిన యాసిడ్ రంగులే అవి. పట్టుకు పట్టేది ఈకకు పడుతుంది.

చిన్నప్పుడు కాగు దగ్గర కూర్చుని చూసింది చెబుతాను. నూలును ఎప్పుడూ పొడిగా వేసేవారు కాదు, ముందు బాగా నానాలి. రంగు పొడిని నేరుగా కాగులో చల్లేవారు కాదు, చెంబులో వేడినీళ్లతో కలిపి బట్టలో వడకట్టి పోసేవారు. నూలు వేశాక కొంతసేపు తిప్పి, ఆ తరువాతే ఆమ్లం పోసేవారు, అదీ ఒకేసారి కాదు, రెండు మూడు విడతలుగా. ముందే పోస్తే పై పోగులు రంగునంతా లాగేసుకుంటాయి, లోపలివి తెల్లగా ఉండిపోతాయి. మరాబూలో కూడా అంతే, ఈక మొదలు తెల్లగా, కొస ముదురుగా వస్తే ఆమ్లం తొందరపడిందన్నమాట.

అయిందా లేదా అని నాన్నగారు గడియారం చూసేవారు కాదు. గరిటెతో కాగులో నీళ్లు తీసి, పలచగా వంచి, వెలుతురుకు ఎదురుగా చూసేవారు. నీళ్లు తేటపడ్డాయంటే రంగు నూలులోకి వెళ్లినట్టు. ఇప్పుడు నేను మా వంటింట్లో గాజు గ్లాసుతో అదే చేస్తున్నాను. గులాబీ నీళ్లు మెల్లగా మంచినీళ్లుగా మారడం చూస్తుంటే ఇప్పటికీ నాకు ముచ్చటే.

చలినది
ఈ చర్చకు మీ పోస్టు ఒక్కటి చాలు, ధర్మవరం గారూ. ఎంత ఈకకు ఎంత రంగు వేయాలో కూడా చెబుతారా?

ధర్మవరం_దారం
ఈకల బరువులో నూటికి ఒక వంతు చాలు. ఫ్లోరోసెంట్‌కు అందులో సగంతో మొదలుపెట్టండి. పది గ్రాముల ఈకలంటే గంపెడు మరాబూ. దానికి నూటికి ఒక వంతు లెక్కన పదో వంతు గ్రాము రంగు. ఇంటి తక్కెడ అంత తూచలేదు. అందుకని ఒక గ్రాము రంగును వంద మిల్లీలీటర్ల వేడినీళ్లలో కరిగించి సీసాలో పెట్టుకోండి. అందులోంచి పది మిల్లీలీటర్లు తీస్తే మీ పదో వంతు గ్రాము వచ్చినట్టే, ఫ్లోరోసెంట్‌కు అయిదుతో మొదలుపెట్టండి.

ఎర్రతోక
అంత తక్కువా? నేను చెంచాడు వేసేవాడిని. ఎక్కువ వేస్తే ఎక్కువ వెలుగుతుంది కదా!

రసాయనం_టీచరు
వెలగదు. ఈ చర్చలో అందరూ గుర్తుంచుకోవలసిన మాట ఇదే. ఫ్లోరోసెంట్ అణువులు మరీ దగ్గర దగ్గరగా కిక్కిరిసి ఉంటే, ఒకటి తీసుకున్న శక్తి పక్కదానికి చేరి వెలుగుగా బయటికి రాకుండా వేడిగా పోతుంది. మోతాదు దాటితే రంగు ముదురుతుంది, వెలుగు తగ్గుతుంది. దుకాణంలో కొన్న ముదురు ఈకలు వెలగకపోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

రెండోది, మామూలు రంగు కలిపితే వెలుగు చస్తుంది. ముఖ్యంగా నలుపు, గోధుమ. చిలకాకుపచ్చ కావాలంటే ఫ్లోరోసెంట్ పసుపులో నీలపు చుక్క ఒకటి రెండు, అంతే.

నిమ్మపండు
ఇది నిజమని నా పెట్టె సాక్ష్యం చెబుతుంది. ఒకే సీసాతో మూడు గిన్నెలు పెట్టాను, పలచన, మధ్యరకం, చిక్కన. పగటి వెలుతురులో చిక్కనిది అందంగా ఉంది. చీకటి గదిలో 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి వేస్తే పలచనిది దీపంలా ఉంది, చిక్కనిది ఇటుక ముక్కలా ఉంది.

కొరమేను_వేట
హైదరాబాదు నుంచి రాస్తున్నాను. చెరువుల్లో కొరమేనుకు ఫ్లైలు కట్టుకుంటాను. విదేశీ సరంజామా కొనే స్తోమత లేదు, అందుకని కోళ్ల దుకాణం నుంచి తెల్ల బ్రాయిలర్ ఈకలు, మేక తోక వెంట్రుకలు తెచ్చుకుంటాను. రెండూ బాగా పనికొస్తాయి. ఇక్కడ రోడమిన్ బి పొడి చవకగా దొరుకుతుందని ఒక స్నేహితుడు చెప్పాడు. రాణి రంగులో బాగా వెలుగుతుందట. వాడవచ్చా?

రసాయనం_టీచరు
వెలుగుతుంది, అందులో సందేహం లేదు. కానీ వంటింటి దరిదాపులకు రానివ్వకండి. పీచుమిఠాయిలో ఇది దొరికిందనే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు, పుదుచ్చేరి ప్రభుత్వాలు పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించాయి, మార్చిలో కర్ణాటక కూడా చర్య తీసుకుంది. ఆహారంలో దాని వాడకానికి అనుమతి లేదు. పొడి గాలిలో లేస్తుంది, చేతికి అంటితే రోజుల తరబడి పోదు. పట్టు అద్దకం వాళ్ల దగ్గర పేరున్న కంపెనీ యాసిడ్ రంగు అడగండి. సల్ఫోరోడమిన్ బి, అంటే యాసిడ్ రెడ్ 52, అదే కుటుంబానికి చెందిన గులాబీ, ఈకకు ఇంకా బాగా నిలుస్తుంది.

అయినా ఏ రంగుకైనా చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు, అద్దకానికి మాత్రమే కేటాయించిన స్టీలు గిన్నె తప్పనిసరి. అల్యూమినియం గిన్నె వద్దు, ఆమ్లంతో చర్య జరుపుతుంది.

ధర్మవరం_దారం
కొరమేను గారూ, మేక వెంట్రుకలకు కొవ్వు ఎక్కువ. గిన్నెలు తోమే ద్రవంతో గోరువెచ్చని నీళ్లలో రెండుసార్లు కడిగి, రాత్రంతా నానబెట్టండి. నీటి చుక్క వెంట్రుక మీద ముత్యంలా నిలిచిందంటే జిడ్డు ఇంకా ఉన్నట్టే. పరుచుకుంటే సిద్ధం.

థేమ్స్_ఒడ్డు
కొరమేను గారూ, అడవికోడి మెడ ఈకలు మీ వైపు దొరుకుతాయా? పాత సాల్మన్ ఫ్లైలకు చెంపల మీద పెట్టేవి.

కొరమేను_వేట
అడగకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అడవికోడి అడవిలోనే బాగుంటుంది.

థేమ్స్_ఒడ్డు
మంచి మాట. అడిగినందుకు క్షమించండి.

కృష్ణ_కెరటం
బక్‌టెయిల్, అంటే జింక తోక, అద్దేవారికి ఒక హెచ్చరిక. ఈకల కోసం 180 డిగ్రీలు అని ఒకచోట చదివి, తోలుతో ఉన్న జింక తోకను కూడా అదే వేడిలో వేశాను. అది ఫారెన్‌హీట్, అంటే 82 సెల్సియస్. పది నిమిషాల్లో తోలు ఎండు అల్లంకొమ్ములా ముడుచుకుపోయింది. వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చాయి. వాసన సంగతి సరేసరి, ఇంట్లోవాళ్లు కిటికీలన్నీ తెరిచారు.

రసాయనం_టీచరు
పచ్చి తోలులోని కొల్లాజెన్ సుమారు 60–65 సెల్సియస్ దగ్గర ముడుచుకుపోతుంది. ఈకలోనూ వెంట్రుకలోనూ ఉండే కెరాటిన్ అంతకంటే ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. కాబట్టి తోలుతో ఉన్నవాటికి 55 దాటనివ్వకండి, బదులుగా రెండు మూడు గంటలు ఉంచండి. లేదా వెంట్రుకలు ముందే కత్తిరించి, మొదళ్లు దారంతో కట్టి అద్దండి. ఉడికించే థర్మామీటరు ఒకటి కొనుక్కోండి, చేత్తో చూసి అంచనా వేయకండి.

ఎర్రతోక
హైలైటర్ పెన్నుల సిరా వాడితే? మా అమ్మాయి దగ్గర డజను ఉన్నాయి.

నిమ్మపండు
ముందు మీ అమ్మాయి అనుమతి తీసుకోండి. నేను ప్రయత్నించాను. మొదటి రోజు అదిరిపోయింది, రెండు గంటలు నదిలో ఉన్నాక ఫ్లై తెల్లబడింది.

చూపు_మేలు
కంటి ఆసుపత్రిలో పని చేస్తాను. నల్లగుడ్డు మీద గీత పడిందేమో చూడటానికి మేము వాడే నారింజ కాగితపు ముక్కలో ఉండేది ఫ్లోరోసీన్. కన్నీటిలో కలిశాక నీలి కాంతి వేస్తే ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ పొడితో అద్దవచ్చా అని నాకు ఆశ పుట్టింది, అద్దాను కూడా. వెనిగర్ కాగులో ఉన్నంతసేపు పేలవంగా ఉంది, కడిగాక కాస్త వెలిగింది, మూడో కడుగుకు చాలా భాగం పోయింది.

రసాయనం_టీచరు
మీరు చూసినది సరిగ్గా అంతే. ఫ్లోరోసీన్‌కు ఆమ్లం గిట్టదు, అందులో వెలుగు తగ్గిపోతుంది. పైగా ఎండకు త్వరగా వెలిసిపోతుంది. 1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ దాన్ని తయారుచేసినప్పటి నుంచీ దాని అందం గొప్పదే, కానీ నిలకడ తక్కువ.

నిమ్మపండు
ఎండ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఫ్లోరోసెంట్ పసుపు ఈకను సగం అట్టతో కప్పి కిటికీలో పెట్టాను. రెండు వారాలకు కప్పని సగం పాత పత్రికలా అయింది. అద్దిన సరుకు చీకటి డబ్బాలో దాచుకోండి. పారదర్శకమైన పెట్టె కారు అద్దం దగ్గర పెట్టి వదిలేయకండి.

కొరమేను_వేట
పాలియెస్టర్ దారాలు, మెరుపు పీచు కూడా ఇలాగే అద్దవచ్చా?

రసాయనం_టీచరు
పాలియెస్టర్‌కు, పాలీప్రొపిలీన్‌కు యాసిడ్ డై పట్టదు. నైలాన్‌కు చక్కగా పడుతుంది. కొత్త పీచు వస్తే చిన్న ముక్కను ఈకలతో పాటు కాగులో వేయండి, అదే చెబుతుంది.

చలినది
ఉన్ని రంగులు అమ్మే దుకాణం నుంచి మూడు చిన్న సీసాలు వచ్చాయి. నారింజతో మొదలుపెట్టాను. ఏడు గ్రాముల మరాబూ, గిన్నెలు తోమే ద్రవంతో కడిగి రాత్రంతా నానబెట్టాను. ధర్మవరం గారి లెక్కన ద్రావణం కలిపి, పూతరేకుల కోసం దాచుకున్న పలుచని బట్టలో వడకట్టాను. 75 సెల్సియస్, పావుగంట తిప్పాక వెనిగర్, అయిదు నిమిషాలకు మరికొంచెం. ఇరవై అయిదో నిమిషంలో గాజు గ్లాసులో నీళ్లు తీసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. నిమ్మరసమంత లేత రంగు, అంతే మిగిలింది!

కడిగాక ఈకలు తడిసిన పిల్లిపిల్లలా చిక్కిపోతే కంగారుపడ్డాను. దిండు గలీబులో వేసి మూతి బిగించి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో మెల్లగా గాలి కొట్టాను. పది నిమిషాలకు గలీబు ఉబ్బింది. లైటు తీసేసి టార్చి వేస్తే గలీబు బట్టలోంచే నారింజ వెలుగు కనిపించింది. మా ఆవిడను పిలిచి చూపించాను. పులాస్కీ ప్రయాణానికి ఆరు డజన్లు కడుతున్నాను.

పాత_గాలం
నాకు అర డజను పంపండి. బురద నీటి అర ఖాళీగా ఉంది.

చలినది
తప్పకుండా పంపుతాను, మీ నల్ల స్టోన్‌ఫ్లైలు నాలుగు బదులుగా ఇవ్వాలి. ఒక సందేహం మిగిలింది. రాణి రంగు గిన్నెలో కొలత తప్పింది, నీళ్లు ఎంతసేపటికీ తేటపడటం లేదు. ఇది సింకులో పోయాలంటే మనసు ఒప్పడం లేదు.

ధర్మవరం_దారం
పోయకండి. ఇంకొంచెం వెనిగర్ వేసి, ఇంట్లో తెల్ల ఉన్ని ముక్కలు ఏవైనా ఉంటే అందులో వేసి మూతపెట్టండి. పొద్దుటికి మిగిలిన రంగంతా ఉన్ని తాగేస్తుంది. ఆ ఉన్నిని ఆరబెట్టి సన్నగా కత్తిరించి దువ్వితే ఫ్లై ఒంటికి చుట్టే డబ్బింగ్ మీకు ఊరికే వచ్చినట్టు.

చలినది
పాత ఉన్ని మఫ్లరు ఒకటి దొరికింది. వేసేశాను.